పడకూడదని కట్టేయడం సేవ కాదు

“సిస్టర్, ఏమైనా చేయండి, ఆమె మాత్రం కింద పడకూడదు. మంచం మీదే ఉంచండి.” భార్యనో భర్తనో వృద్ధాశ్రమంలో చేర్చినవారు తరచుగా చెప్పే మాట ఇది. దాని వెనుక ఉన్నది ప్రేమే, కాదనము. అయినా ఆ కోరిక తీర్చితే రోగికి కీడే జరుగుతుందని మా గట్టి అభిప్రాయం.

మన అనంతపురం పల్లెల సంగతి పాఠకులకు తెలియనిది కాదు. వానలు లేక వేరుశనగ పోయిన ఇళ్లలో పిల్లలు బెంగళూరు చేరారు. ఇంట్లో మిగిలింది ముసలివాళ్లిద్దరే. అందులో ఒకరికి డిమెన్షియా ముదిరితే, లేవదీయడానికి రెండోవారికి చేతుల్లో బలం ఉండదు. దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. ఆశ్రమంలో చేర్చడం తప్పని మేము ఎవరినీ అనము. చేర్చిన తరువాత అక్కడ ఏం జరుగుతోందన్నదే మా ప్రశ్న.

కాళ్లు వాడకపోతే ఎంత త్వరగా పోతాయో చూడండి. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న కొద్దిమంది వృద్ధులను పది రోజులు పడకలోనే ఉంచి పరీక్షించారు. కాళ్ల కండ సుమారు కిలో తగ్గింది. జబ్బుమనిషి సంగతి చెప్పాలా? ఆ తరువాత పడక పుండ్లు, నిమ్ము, మలబద్ధకం ఒకదాని వెంట ఒకటి వస్తాయి. పోనీ, కట్టేస్తే పడరా అంటే అదీ లేదు. మంచం కటకటాలు ఎక్కి దూకబోయి ఇంకా ఎత్తు నుంచి పడతారు. రాత్రి తిరగకుండా ఇచ్చే నిద్రమాత్ర పొద్దున అడుగు తడబడేలా చేస్తుంది. తక్షణ ప్రమాదం తప్పించడానికి వేరే దారి లేనప్పుడే కట్టాలనీ, సిబ్బంది తక్కువన్న కారణంతో కట్టరాదనీ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. అది మానసిక వైద్య సంస్థలకు పెట్టిన నియమమే అయినా, వృద్ధాశ్రమాలకు అంతకన్నా తక్కువ నియమం ఎందుకుండాలి?

మరి ఎలా నడిపించాలి? ఇక్కడ మా నర్సుల కంటే భర్తకే ఎక్కువ తెలుసు. “అమ్మా, కుడికాలు ముందుకు పెట్టి, కడ్డీ పట్టుకుని లేవండి” అని ఆయా పది మాటలు చెబితే అవ్వకు ఒక్కటీ అందదు. పెద్దాయన ఎదురుగా నిలబడి, చేయి చాపి “పా, చేనికి పోదాం” అంటే లేస్తుంది. యాభై ఏళ్లు విన్న మాట అది. మాట పోయినా ఒంటికి అలవాటు మిగిలి ఉంటుంది. అందుకే భర్తను సాయంత్రం పూట చూసి పోయే చుట్టంలా కుర్చీలో కూర్చోబెట్టకూడదు. ఆయనకు పని నేర్పాలి. చంకల కింద చేతులు వేసి లాగరాదు, భుజం జారుతుంది. చేతులున్న గట్టి కుర్చీ ఉండాలి; నులక మంచం కుంగిపోతుంది, దాని మీద నుంచి లేవడం కష్టం. పాదాలు మోకాళ్ల కిందికి తెచ్చి, ఒళ్లు ముందుకు వంచి, ఒక్క నిమిషం ఆగాలి. తొందర పెడితే భయపడి బిగుసుకుపోతుంది. నడిచేటప్పుడు వెనకాల ఇంకొకరు కుర్చీతో రావాలి. నాలుగు అడుగులైనా చాలు, కానీ రోజూ, రెండు మూడుసార్లు.

మన తాడిపత్రి నల్ల నాపరాళ్లు పాలిష్ పెడితే అందంగా ఉంటాయి గానీ, ఈ జబ్బున్నవారి కంటికి ఆ మెరుపు నీళ్లలా కనిపించవచ్చు. వాకిట్లో నల్ల పట్టా గుంటలా తోచవచ్చు. అందుకే కాలు వేయడానికి జంకుతారు. పట్టా తీసేయండి. గడపకు పసుపు రాసే మన అలవాటు ఇక్కడ చక్కగా పనికివస్తుంది, ఎత్తు తెలుస్తుంది. హవాయి చెప్పులు వద్దు, మడమ పట్టీ ఉన్నవి కావాలి. చీర కుచ్చిళ్లు కాలికి అడ్డం పడకూడదు. రాత్రి తనంతట తాను మరుగుదొడ్డికి లేవకముందే మనమే తీసుకువెళ్లాలి. మంచం ఎత్తు తగ్గించాలి.

ఇంత చేసినా ఒకసారి పడవచ్చు. ఈ మాట ఆశ్రమంవారు చేర్చుకునే రోజే చెప్పాలి, కుటుంబం ఒప్పుకుని కాగితం మీద రాసుకోవాలి. పడితే గొడవ చేస్తారన్న భయంతోనే చాలాచోట్ల కట్టేస్తున్నారు. బెంగళూరు నుంచి ఫోన్ చేసే కొడుకులు, కూతుళ్లు “పడలేదు కదా?” అని అడుగుతారు. “ఈరోజు ఎంత దూరం నడిచింది?” అని అడిగి చూడండి.

ఇంకొక సంగతి. నిన్నమొన్నటి దాకా నడిచిన మనిషి రెండు రోజుల్లో నిలబడలేకపోతే “జబ్బు ముదిరింది” అని వదిలేయకండి. డిమెన్షియా అంత వేగంగా కాళ్లు లాగేయడం అరుదు. మన ఎండల్లో నీళ్లు చాలకపోవడం, మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, కొత్తగా మొదలుపెట్టిన మాత్ర, నోరు తెరిచి చెప్పలేని తుంటి ఎముక నొప్పి, వీటిలో ఏదో ఒకటి ఉండవచ్చు. అదే రోజు ఆసుపత్రికి తీసుకురండి. వాడుతున్న మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని రండి.