పొదుగు ఆరోగ్య రక్షణపై తీర్మానం

గ్రామ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం, వార్షిక సర్వసభ్య సమావేశం

విషయం: పొదుగువాపు నివారణ, చేపు సూదుల నిషేధం, మందు వాడిన పశువుల పాల విషయంలో తీసుకోవలసిన చర్యలు.

మన సంఘంలోని చాలా కుటుంబాలకు ఇల్లు గడిచేది పాల డబ్బుతోనే అయినందున;

ఆవుకైనా గేదెకైనా పొదుగులో నాలుగు గదులు వేర్వేరుగా ఉంటాయి గనుక, ఒక చన్ను పూర్తిగా చెడితే ఆ గది పాలు ఆ ఈతలోనే కాక పై ఈతల్లోనూ దక్కకుండా పోయే ప్రమాదం ఉన్నందున;

పొదుగు వాచి, పాలు గడ్డలుగా విరిగి వస్తే తప్ప రోగం సంగతి తెలియడం లేదని, పైకి ఏ లక్షణమూ కనిపించని దశలోనే దిగుబడి పడిపోతోందని గుర్తించినందున;

దూడ చనిపోయిన గేదె చేపకపోవడంతో కొందరు చేపు సూదికి, అంటే ఆక్సిటోసిన్ సూదికి, అలవాటు పడుతున్నట్లు సభ్యులు దృష్టికి తెచ్చినందున; పాల కోసం పశువు ఆరోగ్యానికి హాని చేసే సూదులు వేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 12వ సెక్షన్ ప్రకారం నేరమైనందున;

పై అంశాలను చర్చించిన మీదట ఈ కింది విధంగా ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.

1. పాడి పశువులన్నింటికీ నెలకోసారి సంఘం ఖర్చుతో పొదుగువాపు పరీక్ష చేయించాలి. నాలుగు గుంటల పళ్లెంలో ఒక్కో చన్ను పాలు విడివిడిగా పితికి, సమానంగా పరీక్ష ద్రావణం కలిపి తిప్పాలి. ఏ గుంటలో పాలు జిగురుగా చిక్కబడితే ఆ చన్నుకు వెంటనే పశువైద్యుని సలహా తీసుకోవాలి.

2. పితికే ముందు పొదుగు కడిగి, శుభ్రమైన పొడిగుడ్డతో తుడవాలి. బొటనవేలు మడిచి చన్ను నొక్కే పద్ధతి మాని, పిడికిలి నిండా పట్టి పితకాలి. పశువు చేపిన తర్వాత ఐదు నుంచి ఏడు నిమిషాల్లో పితకడం పూర్తి చేయాలి. ఆపై చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచాలి. పితికాక అరగంట వరకు చన్ను రంధ్రం పూర్తిగా మూసుకోదు కాబట్టి, పశువు పడుకోకుండా మేత వేసి నిలబెట్టాలి.

3. యాంటీబయాటిక్ వాడిన పశువు పాలను డాక్టరు చెప్పిన గడువు ముగిసే వరకు కేంద్రంలో పోయకూడదు. ఆ సంగతి ముందుగా తెలియజేసిన సభ్యులకు నష్టంలో సగం సంక్షేమ నిధి నుంచి చెల్లించాలి. నిజం చెప్పినందుకు ఏ రైతూ పూర్తిగా నష్టపోకూడదు.

4. చేపు సూది వాడినట్లు రుజువైన ఇంటి పాలను, ఆ వాడకం మానే వరకు సంఘం తీసుకోదు.

5. దూడ బతికితే సూది అవసరమే రాదు. అందుచేత ఈనిన గంటలోపే దూడకు జున్నుపాలు తాగించాలి. దూడలకు నట్టల మందును సంఘమే ఉచితంగా అందించాలి.

6. పొద్దున్నా సాయంత్రమూ ఎక్కువ ఇళ్లలో పాలు పితికేది మహిళలే కాబట్టి, పై పద్ధతులపై శిక్షణను ముందుగా వారికే, వారికి వీలైన వేళలో ఏర్పాటు చేయాలని పశుసంవర్ధక శాఖను కోరాలి.

ఈ తీర్మానం వెంటనే అమలులోకి వస్తుంది. దీని ప్రతిని పాల సేకరణ కేంద్రం గోడపై అంటించాలి. మన పాలు తాగేవారిలో పసిపిల్లలూ ఉంటారని గుర్తుంచుకుని, సభ్యులందరూ దీనిని తమ ఇంటి నియమంగా పాటించాలని ఈ సమావేశం విజ్ఞప్తి చేస్తోంది.