హేతువు ఒక్కటే చాలునా?

ఏ పని చేసినా ముందుగా ‘ఎందుకు?’ అని ప్రశ్నించుకోవడం కర్మాగారాలలో పనిచేసే మనకు అలవాటైన విద్య. ప్రెషర్ గేజి ముల్లు ఎర్రగీతను దాటితే దైవం మీద భారం వేసి కూర్చోము. కారణం వెదకి సరిచేస్తాము. ఈ హేతుదృష్టినే జీవితమంతటికీ అన్వయించుకొంటే అదే ఉత్తమ జీవితమవుతుందా? ఈ ప్రశ్నను ఈసారి పాఠకుల ముందుంచుతున్నాము.

అవుననే నమ్మకంతో ఒక తండ్రి తన కుమారుణ్ణి పెంచాడు. ఆ తండ్రి జేమ్స్ మిల్. కుమారుడు 1806లో లండనులో జన్మించిన జాన్ స్టూవర్ట్ మిల్. బడికి పంపక తండ్రే చదువు చెప్పాడు. మూడవ ఏట గ్రీకు, ఎనిమిదవ ఏట లాటిను, పన్నెండవ ఏట తర్కశాస్త్రం ప్రారంభమయ్యాయి. తోటి బాలురతో ఆటపాటలు లేవు. అతడూ మనవలె ఉద్యోగియే. 1823లో ఈస్టిండియా కంపెనీ లండను కార్యాలయంలో గుమాస్తాగా చేరి, 1858 వరకు అక్కడే పనిచేశాడు. మన దేశానికి పంపే ఉత్తరువుల ముసాయిదాలు వ్రాయడం అతని పని; ఈ దేశాన్ని మాత్రం ఎన్నడూ చూడలేదు.

1826లో, ఇరవయ్యవ ఏట, అతడు తన్ను తాను ఒక ప్రశ్న వేసుకొన్నాడు: తాను కోరే సంస్కరణలన్నీ ఈ క్షణమే సిద్ధిస్తే తనకు ఆనందం కలుగుతుందా? కలుగదని మనస్సు బదులు చెప్పింది. అంతటితో జీవితానికి ఆధారమే కూలినట్లయింది. మాసాల తరబడి దిగులు వదలలేదు. నిత్యకృత్యాలు సాగుతూనే ఉన్నాయి, అన్నీ యాంత్రికంగానే.

ఒకనాడు ఫ్రెంచి రచయిత మార్మొంతెల్ స్వీయచరిత్ర చదువుతుండగా, తండ్రిని కోల్పోయిన బాలుడు ఇంటివారికి తానే అండగా నిలవాలని నిశ్చయించుకొనే ఘట్టం వచ్చింది. మిల్ కన్నీరు పెట్టుకొన్నాడు. తనలో అనుభూతి చావలేదని తెలిసి భారం కొంత తగ్గింది. 1828లో వర్డ్స్‌వర్త్ కవిత్వం మరింత ఊరట నిచ్చింది.

అంతమాత్రాన అతడు హేతువును విడనాడలేదు. 1867లో బ్రిటిష్ పార్లమెంటులో స్త్రీలకు వోటుహక్కు కోరుతూ సవరణ ప్రతిపాదించాడు. అది వీగిపోయినా, ఆచారం పేరిట సాగే అన్యాయాన్ని ప్రశ్నించడానికి హేతువే అతనికి ఆయుధమైంది. అనుభూతి దానికి శత్రువు కాదని మాత్రం ఆ దిగులు అతనికి నేర్పింది.

ఈ కథ మన ఇండ్లకూ సంబంధించినదే. పిల్లవాడు తొమ్మిదవ తరగతికి రాగానే సంగీతం మాన్పిస్తాము, ఆట మాన్పిస్తాము. ప్రవేశ పరీక్ష, ర్యాంకు, ఉద్యోగం అని వరుసగా లెక్క వేస్తాము. మేమూ అటువంటి లెక్కలు వేసినవారమే. అందులోని కూడికలు తప్పు కావు. కాని ఆ బిడ్డ సంతోషానికి మనం పద్దే కేటాయించలేదు. అన్నీ సాధించిన తరువాత వాడు మిల్ ప్రశ్నను వేసుకొంటే, మనవద్ద ఏం సమాధానం ఉంది?

ఏది నిజమో, ఏ దారి క్షేమమో హేతువు చెప్పగలదు. దాని మాట వినని జీవితం ప్రమాదకరం. కాని ఆ దారిన నడవాలనే కోరిక మమకారం నుండి, ఆటపాటల నుండి, తోటివారి సుఖదుఃఖాల నుండి పుట్టవలసిందే. రెండూ ఉన్నదే ఉత్తమ జీవితమని మా అభిప్రాయం.

ఈ సాయంత్రం బిడ్డ ఇల్లు చేరగానే మార్కుల మాట తరువాత అడుగుదాము. ఈరోజు నీకు సంతోషం కలిగించినదేది అని ముందు అడుగుదాము.