తుపాకీ కంటే ముందు అప్పు

మొన్న క్యాంటీన్లో మా టీమ్ కుర్రాడొకడు కర్ట్ వానెగట్ 'స్లాటర్‌హౌస్ ఫైవ్' చదువుతూ కనిపించాడు. "అన్నా, తెలుగులో ఇలాంటివి రావెందుకు? మనవాళ్ళు యుద్ధం చూడలేదు కదా, అందుకేనేమో" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మాది శ్రీకాకుళం మరి!

వాడి తప్పు కాదులెండి. యుద్ధం కథంటే తుపాకులూ, బాంబులూ ఉండాలనే అందరం అనుకుంటాం. వానెగట్ యుద్ధఖైదీగా డ్రెస్డెన్‌లో ఉండగా, 1945 ఫిబ్రవరిలో ఆ ఊరి మీద బాంబులు పడ్డాయి. పుస్తకం వచ్చింది 1969లో. ఇరవై నాలుగేళ్ళు! మన భాషలో చెప్పాలంటే, సర్వర్ పడిపోయిన రాత్రి కొట్టే మెయిల్ వేరు, అన్నీ సర్దుకున్నాక రాసే రూట్ కాజ్ రిపోర్ట్ వేరు. మొదటిదాంట్లో ఏం జరిగిందో ఉంటుంది, రెండోదాంట్లో ఎందుకు జరిగిందో ఉంటుంది. నవలకి రెండోది కావాలి. అందుకు రాసేవాడు బతికుండాలి.

అదే 1969లో మావైపు సంగతి చూడండి. అప్పటికి రెండేళ్ళ ముందు, 1967 అక్టోబర్ 31న, లేవిడి దగ్గర కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనుల్ని భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. ఆ తర్వాత పోరాటం ఆయుధాల దారి పట్టింది. బొడ్డపాడులో పూజారిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథ కట్టి జనానికి చెప్పాడు, చివరికి తనే అడవిలోకి వెళ్ళాడు. 1969 డిసెంబర్లో పోలీసుల చేతిలో చనిపోయాడు. పాటలు మిగిలాయి. ఇరవై ఏళ్ళాగి వెనక్కి చూసుకునే టైము మాత్రం ఆయనకి దొరకలేదు.

మరి దొరికినవాళ్ళేం రాశారు? దాశరథి రంగాచార్య తెలంగాణ సాయుధ పోరాటంలో స్వయంగా ఉన్న మనిషి. తర్వాతెప్పుడో రాసిన 'చిల్లర దేవుళ్ళు'లో మాత్రం ఉన్నది పోరాటం కాదు, అంతకుముందటి పల్లె. దొర, కరణం, వెట్టి. యుద్ధం చూసొచ్చినవాడు దాని మొదలు వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళాడన్నమాట.

"కారా మాస్టారు ఏ పోరాటంలోనూ లేకుండానే 'యజ్ఞం' రాశారుగా?" అనొచ్చు మీరు. నిజమే. ఆయన విశాఖలో బడిపంతులు. కథ వచ్చింది లేవిడికి ముందే. అది కొండల కథ కాదు, మైదానంలోని ఊరి కథ. అందులో తుపాకీ లేదు, అప్పుంది. ఆ అప్పు తన కొడుకు నెత్తికెక్కకూడదని తండ్రే కన్నబిడ్డని నరికేస్తాడు. నాకైతే అదే మా జిల్లా యుద్ధకథ. అనుభవమంటే కాల్పుల మధ్య నిలబడ్డమే కాదు, ఆ కాల్పులకి దారితీసిన లెక్కల కింద బతకడం కూడా.

ఇది నాకు ఆలస్యంగా తెలిసొచ్చింది. మా అమ్మమ్మది పార్వతీపురం వైపు పల్లె. నాకూ ఒకప్పుడు కథ రాయాలనే పిచ్చి ఉండేది. సెలవులకెళ్ళినప్పుడల్లా "ఆ రోజుల్లో కాల్పులు చూశావా, పోలీసులు మనింటికొచ్చారా" అని ప్రాణం తీసేవాణ్ణి. "ఏటి సెప్తాన్రా బాబూ, సీకటడితే తలుపులేసుకునీవోలం" అనేసి, షావుకారు దగ్గర పుట్టెడు ధాన్యం అప్పు ఎలా పెరిగిందో, కొండోళ్ళ చింతపండు కావిళ్ళు ఎంత తక్కువకి కొనేవారో మొదలెట్టేది. నాకు విసుగొచ్చేది. అసలు విషయం దాటేస్తోందనుకుని ఫోన్ చూసుకునేవాణ్ణి.

అసలు విషయం అదేనని ఇప్పుడు తెలుస్తోంది. చెప్పడానికి ఆవిడ లేదు. ఆ పుట్టెడు ధాన్యం చివరికి ఎంతయిందో, ఏ పొలం పోయిందో నాకు గుర్తులేదు.

శ్రీకాకుళంలో కారా మాస్టారు 1997లో మొదలెట్టిన కథానిలయంలో అచ్చయిన కథలు దొరుకుతాయి. అచ్చవ్వనివి ఇంకా మన ఇళ్ళల్లోనే ఉన్నాయి. ఈ పండక్కి ఊరెళ్తే మీ పెద్దవాళ్ళని కాల్పుల గురించి అడక్కండి. అప్పుల గురించి అడగండి.