తెల్ల కాగితం మీద కొన్న పొలం

సాదా అంటే మామూలు, బైనామా అంటే అమ్మకపు పత్రం. స్టాంపూ రిజిస్ట్రేషనూ లేకుండా రాసుకున్న భూమి కాగితాన్ని తెలంగాణ పల్లెల్లో సాదాబైనామా అంటారు. ఇద్దరు పెద్దమనుషులు, ఒక రాతగాడు, అమ్మినాయన వేలిముద్ర. అంతటితో భూమి చేతులు మారేది. నల్గొండ, పాలమూరు ప్రాంతాల్లో ఇలాంటి కాగితం దాచుకోని ఊరు ఉండదేమో.

నల్గొండ పక్కనే ఉన్న పానగల్‌లో ఒక రైతు 1996లో రెండెకరాలు ఇలాగే కొన్నాడనుకుందాం. డబ్బంతా ముట్టజెప్పాడు, పొలం స్వాధీనంలోకి వచ్చింది, అప్పటి నుంచీ దున్నుకుంటున్నాడు. పట్టా మాత్రం అమ్మినాయన పేరు మీదే ఉండిపోయింది. ఆయన బతికున్నంత కాలం పేచీ లేదు. పట్టణం పెరిగింది, ఉదయసముద్రం చెరువుకు ప్రాజెక్టు నీళ్లొచ్చాయి, పొలం ధర ప్లాటు ధరయింది. ఇప్పుడు కొడుకులొచ్చి, ‘‘మా బాపు అమ్మిండని మాకేం ఎరుక? పట్టా మా పేరు మీద ఉన్నది, జాగా ఖాళీ చెయ్యి’’ అంటున్నారు. రైతు చేతిలో ఉన్నది మడతలు చిరిగిన ఆ కాగితమొక్కటే. దానికి విలువుందా?

ఉంది. కానీ అది హక్కు పత్రం కాదు. నూరు రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్డ్ దస్తావేజుతోనే జరగాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి 1996లో చట్టం దృష్టిలో జరిగింది అమ్మకం కాదు, అమ్ముతానన్న ఒప్పందం. ఊళ్లో అందరికీ తెలుసు కదా అన్న ధీమా కోర్టులో కొంతవరకే పనిచేస్తుంది.

అయితే అదే చట్టంలో 53-ఎ అనే సెక్షన్ ఉంది. అమ్మినాయన సంతకం గానీ వేలిముద్ర గానీ ఉన్న రాతపూర్వక ఒప్పందం ప్రకారం భూమిలోకి వచ్చి, తన వంతు బాధ్యత తీర్చినవాడిని, అమ్మినాయన గానీ ఆయన వారసులు గానీ వెళ్లగొట్టడానికి వీల్లేదు. మూడేళ్ల గడువు దాటి, దావా వేసే హక్కు పోయినా ఈ రక్షణ ఉంటుందని సుప్రీంకోర్టు 2002లో చెప్పింది. ఒక్క మెలిక. 2001 సెప్టెంబర్ 24 తర్వాత రాసుకున్న ఒప్పందాలు రిజిస్టరై ఉంటేనే ఈ సెక్షన్ వర్తిస్తుంది. మన రైతుది 1996 నాటిది గనుక ఫరవాలేదు. 2005లో రాసుకున్న పక్క చేను వాళ్లకు ఈ ఆసరా లేదు.

ఈ సెక్షన్ ఉన్న పొలాన్ని నిలబెడుతుందే గానీ పట్టా ఇప్పించదు. పట్టా కావాలంటే ఒప్పందాన్ని అమలు చేయించమని వారసుల మీద దావా వేయాలి. దానికి గడువు మూడేళ్లు. కాగితంలో రిజిస్ట్రేషన్ తేదీ రాసుకుంటే ఆ తేదీ నుంచి, రాసుకోకపోతే అవతలివాళ్లు ‘చేయం’ అన్నట్టు తెలిసిన రోజు నుంచి లెక్క. అందుకే కొడుకులు కాదన్న రోజు చాలా ముఖ్యం. కులపెద్దల దగ్గర పంచాయతీలు పెట్టుకుంటూ నాలుగేళ్లు గడిపేసి వకీలు దగ్గరకు వచ్చేవాళ్లే ఎక్కువ. స్టాంపు లేని కాగితాన్ని కోర్టు నేరుగా సాక్ష్యంగా తీసుకోదు. ముందు స్టాంపు సుంకం, జరిమానా కట్టాలి. జరిమానా పది రెట్ల దాకా ఉండొచ్చు.

పన్నెండేళ్లు దున్నుకుంటే భూమి మనదే అయిపోతుందన్న మాట రచ్చబండ దగ్గర గట్టిగా వినిపిస్తుంది. అమ్మినాయన ఒప్పుకుని అప్పగిస్తే వచ్చినవాడు ఆయనకు ఎదురుగా కబ్జాలో ఉన్నట్టు కాదని కోర్టులు అంటాయి. ఆ మాట నమ్ముకుని కాగితాన్ని పారేసుకోవద్దు.

మరో దారి రెవెన్యూ కచేరీది. 1971 నాటి చట్టంలోని 5-ఎ సెక్షన్ కింద సాదాబైనామాలు క్రమబద్ధం చేసి తహసీల్దార్లు 13-బి సర్టిఫికెట్ ఇచ్చేవారు. 2020లో కొత్త చట్టం రావడంతో ఆ సెక్షన్ పోయింది. ఆ ఏడాది అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 వరకు తీసుకున్న దరఖాస్తులు హైకోర్టు స్టే వల్ల ఏళ్ల తరబడి మూలుగుతూ ఉండిపోయాయి. 2025 ఏప్రిల్ 14న అమల్లోకి వచ్చిన భూభారతి చట్టం 6వ సెక్షన్ వాటికి మళ్లీ దారి తెరిచింది. అదే ఏడాది ఆగస్టులో స్టే కూడా తొలగింది. 2014 జూన్ 2కు ముందు కొని, పన్నెండేళ్లుగా సాగులో ఉన్న సన్న, చిన్నకారు రైతుల దరఖాస్తులను ఆర్డీఓ విచారిస్తారు. అప్పుడు దరఖాస్తు పెట్టుకోనివాళ్లకు ఈ సెక్షన్ అక్కరకు రాదు. ఇంత గడువు పట్టింపు పల్లె రైతు మీద ఎందుకన్నది న్యాయమైన ప్రశ్నే. అసైన్డ్ భూమికైతే ఏ దారీ లేదు. 1977 చట్టం దాని అమ్మకాన్నే నిషేధించింది.

దరఖాస్తు ఉన్నవాళ్లు విచారణకు పాత పహాణీల నకళ్లు తీసి పెట్టుకోవాలి. అనుభవదారు కాలమ్‌లో కొన్నవాడి పేరున్న ప్రతి ఏడూ పనికొస్తుంది. ధరణి వచ్చాక ఆ కాలమే లేకుండా పోయింది గనుక అంతకు ముందువే దిక్కు. శిస్తు రసీదులు, కరెంటు మోటరు బిల్లులు, బ్యాంకు పంట రుణం కాగితాలు, బతికున్న సాక్షులు కూడా కావాలి.

అమ్మినాయన ఇంకా బతికుండి, మాట మీద నిలబడే మనిషైతే ఈ తిరుగుడంతా అక్కర్లేదు. స్లాట్ బుక్ చేసుకుని తహసీల్దారు దగ్గర ఈ నెలలోనే రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. పిత్రార్జితమైతే కొడుకులతో పాటు ఆడబిడ్డల సంతకాలూ తీసుకోవాలి. అత్తగారింటి నుంచి ఒక పూట రప్పించడం పెద్ద పని కాదు.