తల్లి బొమ్మ సరే, ఆమె మాటో?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ... ఈ పేర్లు వింటే చాలు, తెలంగాణ సాయుధ పోరాటం గుర్తొస్తుంది. 1946 నుంచి 1951 దాకా సాగిన ఆ పోరాటాన్ని గర్వంగా చెప్పుకుంటాం. అందులో ఆడవాళ్ల ప్రస్తావన వస్తే మాత్రం రెండే బొమ్మలు. తుపాకి పట్టిన వీరనారి ఒకటి, కొడుకును పోరుకు సాగనంపిన వీరమాత ఇంకొకటి. దండ వేసి దణ్ణం పెడతాం. మరి ఆమె ఏం మాట్లాడింది?

ఆ ప్రశ్న వేసింది స్త్రీశక్తి సంఘటన. పోరాటంలో పాల్గొన్న స్త్రీల చేత వాళ్ల కథ చెప్పించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పుస్తకం తెచ్చింది. సూర్యాపేట ప్రాంతపు ఆడబిడ్డ మల్లు స్వరాజ్యం అందులో ఉన్నారు. చంటిబిడ్డను పరాయి చేతుల్లో పెట్టాల్సి వచ్చిన కమలమ్మ ఉన్నారు. ఆ బృందంలోని సూసీ తారు, కె. లలిత తర్వాత పలు భారతీయ భాషల స్త్రీల రచనలను వెతికి 1991, 1993లలో రెండు సంపుటాలు వెలువరించారు.

స్త్రీవాద విమర్శంటే మగవాళ్లను ఆడిపోసుకోవడమని చాలామంది అనుకుంటారు. కాదండీ! కథలోనైనా చరిత్రలోనైనా ఆమె ఎక్కడ మాట్లాడింది, ఎక్కడ ఆగిపోయింది, ఆమె బదులు ఎవరు మాట్లాడారు అని చూడటమే అది. 1948 సెప్టెంబరు 17న హైదరాబాదు సంస్థానం దేశంలో కలిసింది. సరే, ఆ దేశంలో ఈ స్త్రీలకు దక్కిన చోటేమిటని అప్పుడు అడగాలనిపిస్తుంది.

"ఇంటిగుట్టు బయటపెడితే పోరాటం పరువేం కాను?" అనేవాళ్లూ ఉన్నారు. బిడ్డను వదులుకున్న తల్లి దుఃఖం చెబితే పోరాటం చిన్నదైపోతుందా? దానికి ఎవరెంత చెల్లించారో తెలుస్తుంది, అంతే. దేశానికి భరతమాత, భాషకు తెలుగుతల్లి, రాష్ట్రానికి తెలంగాణతల్లి... అన్నిటికీ ఆడరూపమే ఇచ్చుకున్నాం. 2024లో తెలంగాణతల్లి విగ్రహం మార్చినప్పుడు చీర గురించి, కిరీటం గురించి ఎంత చర్చ జరిగింది! అందులో సగం శ్రద్ధ ఈ ఆడవాళ్ల మాటల మీద పెడితే ఎంత బాగుండును!

స్వరాజ్యం గారు 2022లో కన్నుమూశారు. ఆ తరం దాదాపు వెళ్లిపోయింది. కానీ వాళ్ల నోట విన్న కూతుళ్లు, కోడళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. మధ్యాహ్నం పనులయ్యాక పక్కన కూర్చుని అడగండి. దళానికి అన్నం ఎవరు వండారు, చీకట్లో ఎవరు మోసుకెళ్లారు, పోరాటం ఆగాక ఇంట్లో వాళ్లనెలా చూశారు అని అడగండి. "యాడికి బోయినం" అంటే "ఎక్కడికి వెళ్లాం" అని దిద్దకండి. అన్నది అన్నట్టే నోటుబుక్కులో రాసిపెట్టండి.