జేమ్స్ బాండ్ బోటు మనకి పనికొస్తుందా?

నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ‘ఫలానా సినిమాలో హీరోగారు నడిపిన బండి ఏ కంపెనీదండీ? ఖరీదెంత?’ అనే రకమే. కారయితే చెప్పేస్తాను, మోటార్ సైకిలయితే ఇంకా హుషారుగా చెప్పేస్తాను. ఈసారి ఒక కాలేజీ కుర్రాడు మాత్రం నన్ను ఏకంగా నీళ్లలోకి దింపేశాడు! ‘సార్, సినిమాల్లో హీరో దర్జాగా కూర్చుని నడుపుతాడే, ఆ స్పీడు బోటు, ఆ వాటర్ స్కూటరు... అవి నిజంగా మనలాంటివాళ్లకి పనికొస్తాయా? ఉద్యోగం రాగానే ఒకటి కొందామనుకుంటున్నాను. ఎలాగూ ఈ సెలవుల్లో ఫ్రెండ్సందరం గోవా వెళ్లి అద్దెకి తీసుకుని నడుపుతాం’ అని రాశాడు.

కొనడం సంగతి సరదాగా మాట్లాడుకోవచ్చు. ‘సెలవుల్లో నడుపుతాం’ అన్న ముక్కకి మాత్రం కాస్త జాగ్రత్తగా జవాబు చెప్పాలి. అందుకే ఈ వారం పేజీ మొత్తం ఆ తమ్ముడికే రాసిచ్చేశాను!

ముందు సినిమా సంగతి. బోటు ఛేజింగ్ అనగానే పాతకాపులకి గుర్తొచ్చేది 1973లో వచ్చిన ‘లివ్ అండ్ లెట్ డై’. రోజర్ మూర్ తొలిసారి జేమ్స్ బాండ్ వేషం కట్టిన సినిమా. అమెరికాలోని లూసియానా బురద కాలవల్లో బోట్లు దూసుకెళ్లడం, ఒక బోటు అమాంతం గాల్లోకి లేచి రోడ్డు దాటి అవతలి కాలవలో పడటం... హాలంతా ఈలలే ఈలలు! ఆ దూకుడు ట్రిక్ షాట్ కాదు, నిజంగా దూకించిందే. దూరం 110 అడుగులు. గ్లాస్ట్రాన్ కంపెనీ వాళ్ల చిన్న బోటు అది. ఆ సినిమా కోసం 26 బోట్లు తయారుచేయిస్తే, రిహార్సల్స్‌లోనే 17 తుక్కయిపోయాయంటారు. మనం చూసి చప్పట్లు కొట్టింది ఆ పదిహేడింటి తర్వాత కుదిరిన షాట్‌కన్నమాట!

తెర మీద కనబడని సంగతి ఇంకొకటుంది. ఆ సినిమా కోసం బోటు నడపడం ప్రాక్టీసు చేస్తుంటే, మంచి వేగంలో ఉండగా రోజర్ మూర్ బోటు ఇంజను ఆగిపోయింది. ఆయన స్టీరింగు తిప్పారు. బోటు తిరగలేదు! ఉన్న వేగంతో నేరుగా వెళ్లి ఒడ్డున ఉన్న బోటు షెడ్డును గుద్దింది. ఆయనకు దెబ్బలు తగిలాయి.

‘అదేమిటి? చేతిలో స్టీరింగుంది కదా!’ అంటారా? అసలు కిటుకంతా అక్కడే ఉంది. కారు రోడ్డును పట్టుకుని తిరుగుతుంది. ఇంజను ఆగినా చక్రాలు చక్రాలే. ఇలాంటి బోటు అలా కాదు. ఇంజను నీళ్లను ఎటు తోస్తే, దానికి ఎదురు దిక్కున కదులుతుంది. వాటర్ స్కూటరు విషయంలో ఇది మరీ ఎక్కువ. దాని పంపు అడుగునుంచి నీళ్లు పీల్చి, వెనక గొట్టంలోంచి ధారగా చిమ్ముతుంది. మనం హ్యాండిల్ తిప్పితే తిరిగేది ఆ గొట్టమే. యాక్సిలరేటరు వదిలేశామా, ధార ఆగిపోతుంది. ధార లేకపోతే హ్యాండిల్‌ని ఎంత తిప్పినా ఒకటే, జట్కా దిగి కళ్లెం లాగినట్టే! బండి మాత్రం ఉన్న ఊపుతో ముందుకే పోతుంది.

ఇప్పుడు ఆలోచించండి. ఎదురుగా ఇంకో బోటో, ఈదుతున్న మనిషో కనబడితే కొత్తవాడు మొదట చేసే పనేమిటి? కంగారుపడి యాక్సిలరేటరు వదిలేస్తాడు. సైకిలు నుంచి స్కూటరు దాకా మన చేతులు నేర్చుకున్న పాఠం అదే మరి! నీటి మీద తప్పించుకోవాలంటే కొంచెం యాక్సిలరేటరు ఉంచి పక్కకి తిప్పాలి. బుర్రకి తెలిసినా, చేతులకి తెలియడానికి ప్రాక్టీసు కావాలి. గోవాలో ఒకసారి ఇలాంటి బండి ఎక్కితే అద్దెకిచ్చిన కుర్రాడు నాకు చెప్పిన పాఠం మొత్తం రెండే ముక్కలు. ‘నొక్కితే పోతుంది సాబ్, వదిలితే ఆగుతుంది!’ మొదటి ముక్క నిజం. రెండోది సగమే నిజం. ఆగుతుంది సరే, ఎంత దూరం పోయాక?

ఇక కూర్చోవడం, నిలబడటం సంగతికొద్దాం. దీని వెనక ఒక తమాషా కథ ఉంది. మోటార్ సైకిళ్ల పిచ్చి ఉన్న క్లేటన్ జేకబ్సన్ అనే అమెరికన్‌కి, నీటి మీద కూడా మోటార్ సైకిలు లాంటిది నడపాలన్న ఆలోచన 1960లలో వచ్చింది. దాన్ని అందుకుని కెనడాలోని బొంబార్డియర్ కంపెనీ 1968లో ‘సీ-డూ’ పేరుతో కూర్చుని నడిపే బండి తెచ్చింది. అది ఆడలేదు. రెండు మూడేళ్లలోనే డబ్బాలు వెనక్కి! తర్వాత కవాసాకీ నిలబడి నడిపే ‘జెట్ స్కీ’తో దిగి హిట్టు కొట్టింది. 1977లో ‘ది స్పై హూ లవ్డ్ మి’లో మళ్లీ మన రోజర్ మూరే ‘వెట్‌బైక్’ ఎక్కి కూర్చుని సముద్రం మీద వెళ్తే కుర్రకారు నోళ్లు తెరుచుకుని చూశారు. 1980ల చివరికి యమహా వేవ్‌రన్నర్, మళ్లీ రంగప్రవేశం చేసిన సీ-డూ కలిసి కూర్చునే బళ్లకే పట్టం కట్టాయి. ఈనాడు అద్దెకి దొరికేవి దాదాపు అన్నీ అవే.

ఎందుకు గెలిచాయంటారా? సౌకర్యం! నిలబడే బండి తేలిక. కానీ ఒక్కడికే. పైగా నేర్చుకునేవాణ్ణి పదే పదే నీళ్లలో పడేస్తుంది. కూర్చునే బండి మూడు నాలుగు వందల కిలోలతో నిబ్బరంగా తేలుతుంది. ఇద్దరు ముగ్గురు కూర్చోవచ్చు. పడిపోతే వెనకనుంచి ఎక్కడం సులువు. హవాయి దీవుల్లో బ్రయన్ కియౌలానా అనే లైఫ్‌గార్డు, ఇలాంటి బండి వెనక తెప్పలాంటిది కట్టి, భయంకరమైన అలల్లోంచి మనుషుల్ని లాక్కొచ్చే పద్ధతికి దారి చూపించాడు. మామూలు పడవ పోలేని చోటికి ఇది పోతుంది. ఏ మాటకామాట చెప్పుకోవాలి, పనికిరాని వస్తువు అని మాత్రం అనడానికి వీల్లేదు.

అయితే నా అనుమానమంతా ఆ సౌకర్యం మీదే! నిలబడే బండి ఒక మొండి మేష్టారు. పాఠం వచ్చేదాకా వేగం ఇవ్వదు. నెమ్మదిగా పోతున్నప్పుడే నాలుగుసార్లు ముంచి, బుద్ధి చెప్పి, అప్పుడు వదులుతుంది. కూర్చునే బండి గారాబం చేసే అమ్మమ్మ. ఏమీ రాకపోయినా ఎక్కిన అయిదు నిమిషాలకే పూర్తి వేగం చేతిలో పెట్టేస్తుంది. 300 హార్స్‌పవర్ ఉన్న పెద్ద బళ్లు గంటకు 65 మైళ్లు, అంటే వంద కిలోమీటర్లు దాటిపోతాయి. ఆ వేగంలో సెకనుకి 29 మీటర్లు! వెనక ఫ్రెండు ఏదో కేకేశాడని రెండు సెకన్లు తిరిగి చూస్తే, దాదాపు 60 మీటర్లు కళ్లు మూసుకుని వెళ్లినట్టే.

నడుము సంగతి కూడా వినండి. సినిమాలో బోటు అల మీదనుంచి ఎగిరి పడితే హీరో జుట్టు కూడా చెదరదు. నిజంగా కూర్చుని ఉన్నవాడికి ఆ దెబ్బ సరాసరి వెన్నెముకకే తగులుతుంది. అలలున్న చోట అనుభవజ్ఞులు కాళ్ల మీద భారం వేసి సీటు మీదనుంచి కొంచెం లేస్తారు. మోకాళ్లే వాళ్లకి స్ప్రింగులు. స్పీడు బోటులో అయితే ఎక్కువగా ఎగిరిపడేది ముందు భాగం. ‘ముందు సీటు నాది’ అని పోట్లాడుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మరి కొనుక్కుంటే? పెట్రోలు చూద్దాం. పెద్ద బండి ట్యాంకు సుమారు 70 లీటర్లు. పూర్తి వేగంతో పరిగెత్తిస్తే రమారమి గంటలో ఖాళీ! సముద్రంలో తిప్పిన ప్రతిసారీ ఇంజనుకి మంచినీళ్లతో స్నానం చేయించాలి, లేకపోతే ఉప్పు తినేస్తుంది. ఒడ్డుదాకా తీసుకెళ్లడానికి ట్రెయిలరు, దాన్ని లాగడానికి కారు, పెట్టుకోవడానికి షెడ్డు. పోనీ అన్నీ ఉన్నాయనుకుందాం. తిప్పేదెక్కడ? ఊరి చెరువులో పిల్లలు ఈదుతారు, గేదెలుంటాయి, చేపల వలలుంటాయి. కాబట్టి తమ్ముడూ, ఇల్లు, పెళ్లి, కారు అన్నీ అయ్యాక కూడా డబ్బు మిగిలితే అప్పుడు ఆలోచిద్దువుగాని!

అద్దెకి తీసుకుంటే తప్పు లేదు. హాయిగా నడపండి. కానీ నాలుగు షరతులు. ఒకటి, లైఫ్ జాకెట్ బకిల్సన్నీ బిగించాలి. ఫొటో కోసం భుజాన వేలాడేస్తే అది జాకెట్ కాదు, కండువా! రెండు, ఇంజను స్విచ్చికి ఒక తాడు ఉంటుంది. దాన్ని మణికట్టుకో జాకెట్‌కో తగిలించుకుంటే మీరు పడగానే ఇంజను ఆగిపోతుంది. తాడు ఇవ్వకపోతే బండి ఎక్కవద్దు. మూడు, ఖాళీ నీళ్లలో నెమ్మదిగా వెళ్తూ ఒకసారి యాక్సిలరేటరు వదిలి హ్యాండిల్ తిప్పి చూడండి. బండి మాట వినకపోవడం ఎలా ఉంటుందో అప్పుడే తెలిసిపోతుంది. నాలుగు, వెనక కూర్చున్నవాళ్లు జారి ఆ నీటి ధార ముందు పడితే శరీరం లోపల తీవ్రమైన గాయాలవుతాయి. అందుకే వెట్‌సూట్ లాంటి మందపాటి దుస్తులు వేసుకోమని కంపెనీలే హెచ్చరిస్తాయి. మనవాళ్లు బనీను, నిక్కరుతో ఎక్కేస్తారు! వెనక ఉన్నవాళ్లను గట్టిగా పట్టుకోమని చెప్పాకే యాక్సిలరేటరు నొక్కండి. మందు పుచ్చుకున్నవాడికి హ్యాండిల్ ఇవ్వకూడదని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

బ్రేకుల్లేవా అంటారేమో. 2009 నుంచి సీ-డూ కొన్ని బళ్లకి బ్రేకు పెడుతోంది. మీకు అద్దెకిచ్చే పాత బండికి అది ఉంటుందని మాత్రం అనుకోవద్దు. లేదనుకునే నడపండి.

సెలవులయ్యాక ఆ కుర్రాడు మళ్లీ ఉత్తరం రాస్తాడని ఎదురుచూస్తుంటాను. ‘బండి ఎంత స్పీడు పోయిందో’ కాదు తమ్ముడూ, తాడు తగిలించుకున్నావో లేదో అది రాయి! వచ్చే వారం మళ్లీ కలుద్దాం. ఈసారన్నా ఎవరైనా పొడినేల మీది ప్రశ్న అడగండి బాబూ!