రాజీనామా మెయిల్ పంపే ముందు ఆగండి

అప్రైజల్ లెటర్లు వచ్చే రోజుల్లో మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఏటా ఒక మాట వినిపిస్తుంది: "ఇంకెన్నాళ్లీ ఉద్యోగం? సొంతంగా వెబ్‌సైట్లు చేసుకుంటే ఇంతకు రెట్టింపు సంపాదించొచ్చు." 2025 జులైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని తగ్గించుకుంటున్నట్టు ప్రకటించాక ఈ మాటకు భయం కూడా తోడైంది. వాళ్లు పంపించేలోపు మనమే వెళ్లిపోదామనుకుని, బోనస్ ఖాతాలో పడగానే పేపర్లు పెట్టేస్తున్నవారున్నారు. ఇంటి ఈఎంఐ, బడి ఫీజులు, అమ్మానాన్నల మందుల ఖర్చు మోస్తున్నవారికి ముఖ్యంగా ఈ హెచ్చరిక. వెబ్ డెవలప్‌మెంట్ వ్యాపారం గౌరవంగా బతకదగిన వృత్తే. ఏర్పాట్లు లేకుండా అందులోకి దిగడమే ప్రమాదం.

ముందుగా మార్కెట్ సంగతి. నాలుగైదు పేజీల సైటు చేసిచ్చి డబ్బు తీసుకునే రోజులు దాదాపు అయిపోయాయి. పచ్చళ్ల వ్యాపారి షాపిఫైలో తానే దుకాణం తెరుచుకుంటున్నాడు. కోచింగ్ సెంటర్ యజమాని కొడుకు విక్స్‌లో సాయంత్రానికల్లా సైటు నిలబెడుతున్నాడు. 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన దగ్గర్నుంచి "ఇదంతా ఏఐ ఊరికే చేసిపెడుతుందట కదా" అన్న మాటతోనే బేరం మొదలవుతోంది. ఇంకా డబ్బొచ్చే పని వేరే ఉంది: పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ను సైటుతో కలపడం, పేమెంట్లు తెగిపోకుండా చూడటం, హ్యాక్ అయిన సైటును బాగుచేయడం, ఏళ్ల తరబడి నిర్వహించడం. ఇంత పని నమ్మి అప్పగించాలంటే క్లయింటుకు మీ మీద గురి కుదరాలి. అది కొన్ని నెలల్లో కుదిరేది కాదు. ఇద్దరు స్నేహితులు ఇస్తామన్న పనిని చూసుకుని ఉద్యోగం వదలడం పెద్ద పొరపాటు.

రెండోది, అన్నిటికంటే ముఖ్యమైనది, రాబడి చేతికందే తీరు. ఇల్లు అలకగానే పండగ కాదు; సైటు లైవ్ కాగానే డబ్బు రాదు. "ఇంకొక్క చిన్న మార్పు" అంటూ నెల, "మా పార్ట్‌నర్ ఊళ్లో లేడు" అంటూ మరో నెల గడుస్తాయి. ఈలోగా పన్ను మాత్రం ఆగదు. సేవల వ్యాపారంలో ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి. సాఫ్ట్‌వేర్ సేవలపై పన్ను 18 శాతం. లక్ష రూపాయల ఇన్వాయిస్ ఇచ్చారనుకోండి. క్లయింటు పైసా ఇవ్వకపోయినా, నెలవారీ రిటర్ను వేసేవారు సాధారణంగా మరుసటి నెల 20వ తేదీలోగా ఆ 18 వేలు కట్టాలి. ఆలస్యమైతే ఏడాదికి 18 శాతం వడ్డీ. కంపెనీ క్లయింట్లయితే మీ బిల్లులో టీడీఎస్ కోసుకుని మిగతాది ఇస్తారు. ఎక్కువ కోత పడితే, ఐటీ రిటర్ను వేశాకే ఆ సొమ్ము వెనక్కి వస్తుంది. పని నిండా ఉండి కూడా ఇంటి అద్దెకు డబ్బు లేని పరిస్థితి ఇలాగే వస్తుంది.

ఇలా ఆలస్యమయ్యే చెల్లింపులకు చట్టంలో రక్షణ ఉంది. చాలామందికి అది తెలియదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం, చిన్న సంస్థకు ఇవ్వాల్సిన డబ్బును కొనుగోలుదారు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. ఫిర్యాదులకు ఫెసిలిటేషన్ కౌన్సిళ్లు ఉన్నాయి. ఇది మీకు వర్తించాలంటే ఎంఎస్ఎంఈగా ఉద్యమ్ నమోదు కావాలి. పని అయిపోయాక నమోదు చేసుకున్నవారి కేసులు కోర్టుల్లో చిక్కుల్లో పడ్డాయి కాబట్టి, మొదటి ఒప్పందానికి ముందే ఆ నమోదు పూర్తిచేయండి. ప్రభుత్వ పోర్టల్లో అది పూర్తిగా ఉచితం. ఫీజు అడిగే సైట్ల జోలికి పోకండి.

మూడోది, జీతంతో పాటు పోయే రక్షణలు. చాలా సంస్థల్లో గ్రూప్ ఆరోగ్య బీమా ఆఖరి పనిదినంతోనే ముగుస్తుంది. బీపీ, షుగరు ఉన్న తల్లిదండ్రులకు ఆ తర్వాత కొత్త పాలసీ తీసుకుంటే, పాత జబ్బులకు మూడేళ్ల దాకా వెయిటింగ్ పీరియడ్ ఉండొచ్చు. గ్రూప్ పాలసీ నుంచి అదే బీమా కంపెనీ వ్యక్తిగత పాలసీకి మారే వెసులుబాటు ఉంది. ఉద్యోగంలో ఉండగానే హెచ్ఆర్‌ను అడిగి దరఖాస్తు చేయాలి. పీఎఫ్‌తో ముడిపడి గరిష్ఠంగా 7 లక్షల దాకా ఉండే ఈడీఎల్ఐ జీవిత బీమా కూడా పోతుంది. ఐదేళ్లు నిండకముందే మానేస్తే గ్రాట్యుటీ చేజారే ప్రమాదం ఉంది. సొంత వ్యాపారికి ఇంటి రుణం కావాలంటే బ్యాంకులు సాధారణంగా రెండు మూడేళ్ల ఐటీ రిటర్నులు అడుగుతాయి. రుణం అవసరమనుకుంటే ఆ సంగతి ముందే తేల్చుకోండి.

నాలుగోది, "ఉద్యోగం చేస్తూనే పక్కన క్లయింట్లను పట్టు" అనే ఉచిత సలహా. 2022 సెప్టెంబరులో రహస్యంగా పోటీ సంస్థలకు పనిచేస్తున్నారని విప్రో 300 మందిని తీసేసింది. మీ అపాయింట్‌మెంట్ లెటర్ ఇప్పుడే తీసి చదవండి. బయటి పనికి రాతపూర్వక అనుమతి అడగండి. కంపెనీ లాప్‌టాప్‌లో సొంత పని ఒక్క లైను కూడా రాయకండి. ఉద్యోగంలో భాగంగా రాసిన కోడ్‌పై, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు యజమానిదే. స్వతంత్రంగా పనిచేసేటప్పుడు అదే చట్టం మీకు అండ: హక్కులు క్లయింటుకు బదిలీ కావాలంటే రాతపూర్వక ఒప్పందం ఉండాలి. "పూర్తి చెల్లింపు అందాకే హక్కుల బదిలీ" అన్న వాక్యం ప్రతి ఒప్పందంలోనూ పెట్టండి.

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్న మనవాళ్లకు ప్రమాదం ఇంకా పెద్దది. ఆమోదం పొందిన పిటిషన్ ఉన్న యజమానికి తప్ప బయట డబ్బుకు పనిచేస్తే వీసా హోదాకే ముప్పు. ఉద్యోగం మానేస్తే గ్రేస్ పీరియడ్ గరిష్ఠంగా 60 రోజులే. ఇమిగ్రేషన్ లాయరును కలవకుండా ఒక్క ఇన్వాయిస్ కూడా పంపవద్దు.

కాబట్టి రాజీనామాకు ముందు కనీసం ఇవి సిద్ధం చేసుకోండి. ఈఎంఐలతో కలిపి ఏడాది ఇంటి ఖర్చు బ్యాంకులో విడిగా ఉండాలి. పీఎఫ్ సొమ్మును అందులో కలపకండి. కుటుంబానికి సొంత ఆరోగ్య పాలసీ అమల్లోకి వచ్చి ఉండాలి. ఉద్యమ్ నమోదు, వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా, ఒక ఆడిటరు ఉండాలి. అడ్వాన్సు, దశలవారీ చెల్లింపులు, ఉచిత మార్పుల పరిమితి, నెలవారీ నిర్వహణ రుసుము రాసిన ఒప్పంద పత్రం చేతిలో ఉండాలి. అన్నిటికీ మించి, ఇంట్లోవాళ్లకు లెక్కలన్నీ విప్పి చూపించాలి. మీ నిర్ణయం భారాన్ని వాళ్లూ మోస్తారు.

ఇవన్నీ ఉన్నవారు ధైర్యంగా వెళ్లండి, మీ పనికి గిరాకీ ఉంది. వీటిలో ఒక్కటి లేకపోయినా, ఎంత విసుగొచ్చినా, మేనేజరు ఎంత మాటన్నా సరే, ఆ మెయిల్ ఈ నెల పంపకండి.